వంటింటికి రిలీవర్

మా నాయన తమిళనాడులోని రాజపాళయంలో ఒక నూలు మిల్లులో షిఫ్టు సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం అయిపోయినా అజమాయిషీ చేసే అలవాటు ఎక్కడికి పోతుంది? ఆయన చేతి కింద మిగిలింది అమ్మా, నేనూ. నేను బడిలో లెక్కలు చెప్తాను కాబట్టి పగలంతా తప్పించుకుంటాను. అమ్మకు ఆ దారి కూడా లేదు.

కిందటి జనవరి ఒకటో తేదీ పొద్దున, వాకిట్లో అమ్మ వేసిన రంగుల ముగ్గును ఇంకా ఎవరూ తొక్కకముందే, వంటింట్లో టకటకమని మేకు కొట్టే చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే రోజూ చించే క్యాలెండరు పక్కన ఒక తెల్లబోర్డు వేలాడుతోంది. దాని మీద నాయన ఇంటికి కొత్త సంవత్సరపు టార్గెట్లు రాస్తున్నాడు. మా ఇళ్లలో మాట్లాడేది తెలుగే అయినా రాసేది అరవ అక్షరాల్లో. గ్యాసు సిలిండరు ఇంకో వారం ఎక్కువ రావాలి. ట్యాంకు నిండి నీళ్లు కారకూడదు. అన్నం మిగలకూడదు. తినేటప్పుడు ఫోను ముట్టకూడదు, ఇది నాకు. తనకంటూ ఒకటి పెట్టుకోకపోతే బాగుండదని ఆఖర్న రాసుకున్నాడు: ఇవన్నీ జరుగుతున్నాయో లేదో చూడటం.

"మిల్లులో నేను చేరినాకే వేస్టేజి తగ్గినాది. ఇల్లు కూడా అట్లే నడపాల" అన్నాడు.

అమ్మ చట్నీకి కొబ్బరి తురుముతూ బోర్డు వైపు చూసింది. కోపం వస్తే అమ్మ గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ తగ్గిన గొంతుతోనే అడిగింది.

"సరి. మిల్లు మాదిరే నడుపుదాము. నా రిలీవర్ ఎవరు?"

ఈ రిలీవర్ మాట మా ఇంట్లో నాయనే ప్రవేశపెట్టాడు. నూలు మిషను ముందున్న మనిషి, తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి నిలబడేదాకా కదలకూడదట. అలా వచ్చి విడిపించేవాడే రిలీవర్. ఒకసారి ఎవరికో రిలీవర్ రాకపోతే తానే మిషను ముందు నిలబడి, ఆ మనిషిని ఇంటికి పంపించానని చుట్టాలు వచ్చినప్పుడల్లా నాయన గొప్పగా చెప్పేవాడు. ఆ కథ జరుగుతున్నంతసేపూ లోపల కాఫీ కలిపేది అమ్మ.

"నేను పెండ్లయి వచ్చినప్పటి నుంచి ఈ మిషను ముందరే నిలబడి ఉండాను" అంది అమ్మ. "షిఫ్టు మారినట్టే తెలీలేదు. మీ మిల్లులో వారానికి ఒక దినం లీవు ఉండె కదా? నాకూ ఆదివారం లీవు కావాల. తళవాయిపురం అక్క ఇంటికి పోతాను. ఆమె చేసి పెట్టేది కూర్చొని తిని సాయంకాలం వస్తాను. అది కూడా రాయండి."

"నేను చూసుకుంటాలేమ్మా" అన్నాను, మధ్యలో దూరి.

"నువ్వు ఊరికే ఉండు. బోర్డు రాసినోళ్లే రావాల."

నాయన మళ్లీ పెన్ను మూత తీశాడు. కాదంటే ఇన్నాళ్లూ చెప్పిన కథ పరువు పోతుంది. బోర్డు కింద మూలన, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనిపించనంత సన్నగా రాశాడు.

నాకు మాత్రం నమ్మకం లేదు. తళవాయిపురానికి రోజూ బస్సులున్నాయి. అయినా అమ్మ తన అక్కను పెళ్లిళ్లలో, చావుల్లో తప్ప చూసి ఎరగదు. ఎప్పుడు బయల్దేరదామన్నా పాలో, పనిమనిషో, చుట్టమో అడ్డం. ఈసారీ ఆగిపోతుందేమోనని నాకు ఒకటే గుబులు. అందుకే ఆదివారం పొద్దున ఆమె గేటు దగ్గర నిలబడి వెనక్కి చూస్తుంటే, "పో అమ్మా, బస్సు పోతాది" అని దాదాపు గెంటేశాను.

నాయన పాత మిల్లు చొక్కా తొడుక్కుని డ్యూటీలోకి దిగాడు. కాసేపటికే ట్యాంకు పొంగి పక్కింటి గోడ మీద పడింది. పక్కింటామె అరవంలో తిట్లు ఎత్తుకుంది. నాయన మోటారు ఆపడానికి పరిగెత్తాడు, ఈలోగా పప్పు అడుగంటింది. ఉప్పు కోసం అటక దాకా ఎక్కాడు. అది పొయ్యి పక్కనే జాడీలో ఉంది. చెబుదామని వెళితే, "మిషను దగ్గరికి రావద్దు" అని తరిమాడు. మధ్యాహ్నం మూడింటికి మేము తిన్న అన్నం కంటే గిన్నెలో మిగిలిందే ఎక్కువ. నేను బోర్డు వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

సాయంత్రమైంది. బస్సు వచ్చే వేళ దాటినా అమ్మ రాలేదు. నాయన ఒక చేత్తో నడుము పట్టుకుని, ఇంకో చేత్తో పొయ్యి గట్టు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. పొయ్యి మీద కాఫీకి పెట్టిన పాలు మరిగి మరిగి పాలకోవాకు దగ్గరపడ్డాయి.

"నాయనా, వచ్చి కూర్చో."

"రిలీవర్ రాకుండా ఎట్ల పోయేది?"

వేళాకోళం కాదు, నిజంగానే అన్నాడు. ముందు నవ్వొచ్చింది. తర్వాత జాలేసింది. ఆ వెంటనే ఒళ్లు మండింది కూడా, ఒక్క రోజుకే ఈయన ఇలా అయితే అమ్మ సంగతేమిటని.

దీపాలు పెట్టే వేళకు అమ్మ వచ్చింది. తలలో అక్క పెట్టిన మల్లెపూలు, చేతిలో మురుకుల కవరు. అంత తేటగా ఉన్న ఆమె ముఖాన్ని నేను ఎన్నడూ చూడలేదు. నాయన ముఖం కూడా వెలిగింది.

"వచ్చినావా! రా, రా" అంటూ గరిటె చాపాడు.

అమ్మ ఆ గరిటెను చూసింది. మాడిన గిన్నెను చూసింది. వెళ్లి హాల్లో కుర్చీలో కూర్చుంది.

"ఆదివారం ఇంకా ముగియలేదు. దోసె పిండి ఫ్రిజ్జులో ఉండాది."

నాయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. గరిటెతోనే వెనక్కి తిరిగి పెనం పెట్టాడు.

మొదటి దోసె అంటుకుని చినిగింది. మా ఇంట్లో చినిగిన దోసె ఎప్పుడూ అమ్మదే. మేమిద్దరం తిన్నాక, చల్లారిపోయినదాన్ని పొయ్యి దగ్గరే నిలబడి తినేది. ఆ రోజు కూడా అది ఆమెకే వచ్చింది. కానీ పొగలు కక్కుతూ కంచంలో వచ్చింది, నాయన తెచ్చి చేతికిచ్చాడు, ఆమె కూర్చునే అందుకుంది.

ఒక ముక్క నోట్లో పెట్టుకుని అంది, "వేస్టేజి శానా ఉండాదే."

"రేపటికి సరిచేస్తాను" అన్నాడు నాయన.

"రేపు నా షిఫ్టు. వచ్చే ఆదివారానికి సరిచేయండి."