కనపడని కోత

గ్లవ్స్ పొట్లం చింపగానే వచ్చే రబ్బరు వాసన ఇప్పటికీ నన్ను డాక్టరమ్మ పక్కన నిలబెడుతుంది. మార్కాపురంలోని మా చిన్న ఆసుపత్రిలో ఆమె సర్జను, నేను థియేటర్ అసిస్టెంటును. బొడ్డు మడతలో ఒక్క కోతతోనే రాళ్లు చేరిన పిత్తాశయాన్ని తీయాలంటే ఖరీదైన పరికరం కావాలి. అది మాకు లేదు. ఆమె కోతలో ఒక రింగు అమర్చి, దానికి మామూలు గ్లవ్ తొడిగి, వేళ్ల కొసలు కత్తిరించి, వాటిలోంచి కెమెరానూ పనిముట్లనూ లోపలికి పంపేది. గ్యాస్ నింపగానే ఆ గ్లవ్ ఉబ్బి, కడుపులోంచి ఎవరో చెయ్యెత్తినట్టు ఉండేది. చదువు ఇంటర్‌తో ఆగినా గ్రంథాలయంలో శరీరశాస్త్రం పుస్తకాలన్నీ చదివాననే గర్వం నాది. ఆమె నవ్వి నన్ను కెమెరా తెర ముందుకు పిలిచేది. "రా నాయనా, నీ పుస్తకం ఎక్కడ తప్పిందో చూద్దువు."

దొనకొండ వైపు నుంచి వచ్చిన ఓబులమ్మకూ అట్లాగే చేసింది. బరువులెత్తొద్దని చెప్పి పంపింది. కొన్ని వారాలకే ఓబులమ్మ బొడ్డు దగ్గర పెద్ద ఉబ్బుతో తిరిగొచ్చింది. వెంట వచ్చిన అత్త గుమ్మంలోనే అందుకుంది.

"ఏం ఆపరేషనమ్మా ఇది? పలకరించను వచ్చినోళ్లకు కడుపు చూపిస్తే గీత గూడా లేదు. ఊరికే పండబెట్టి పంపినారని అందరూ నవ్వినారు. పని ఎగ్గొట్టను నాటకమాడుతుందని నేనే గొర్రెల మేత మోయించినా."

"బరువులెత్తొద్దని చెప్పినా గదా ఓబులమ్మా?"

"నాకు చెప్పినావు గదమ్మా. మా ఇంట్లో నా మాట ఎవురింటారు?"

లోపలి కుట్లు వదిలి పేగు ముందుకు తోసుకొచ్చింది. ఈసారి పొడవుగా కోసి సరిచేయక తప్పలేదు. మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఓబులమ్మ ముఖం కళకళలాడుతోంది. "ఈ తూరి మా అత్త మంచం దిగనియ్యలా. కోత చూసి ఏడ్చింది గూడా. మొదటే ఇట్ల కోసుంటే పోయేది గదమ్మా!" అని నవ్వింది. మాకు నవ్వు రాలేదు. ఆమె వెళ్లాక డాక్టరమ్మ చాలాసేపు చేతులు కడుక్కుంది. "కోత చిన్నదయితే ఆడమనిషి విశ్రాంతి గూడా చిన్నదైపాయె. ఇది నీ పుస్తకాల్లో రాసినారా?"

"లేదమ్మా."

మర్నాటి నుంచి, చిన్న కోత మీదే, పేషెంటుకు ఎందుకో చెప్పి మరీ, పక్కటెముకల దాకా వెడల్పాటి పట్టీ అంటించమంది. జాగ్రత్తలు అత్తలకు చెప్పే పని నాకు అప్పగించింది.

కానీ ఓబులమ్మ సంగతి అప్పటికే ఊరూరా పాకింది. తప్పంతా గ్లవ్‌దేనని ఆసుపత్రి యజమాని తేల్చేశాడు. డాక్టరమ్మను పంపేసి, ఖరీదైన పరికరమూ, దాన్ని వాడే కొత్త సర్జనునూ తెచ్చాడు. ఓబులమ్మలాంటివాళ్లు మా గుమ్మం తొక్కడం మానేశారు. ఖర్చు భరించగలిగినవాళ్లే వస్తున్నారు. వాళ్ల ఇళ్లలోనూ అత్తలున్నారు. అందుకే పట్టీ వెడల్పు నేను తగ్గించలేదు.

నిన్న గిద్దలూరు నుంచి వచ్చిన ఒకామెకు అంటిస్తుంటే, తలుపు వైపు చూసి గొంతు తగ్గించి అడిగింది. "ఇంకొంచెం కిందికి గూడా వెయ్యన్నా."

వేశాను.