పాయసం మాడిన ఏడాది

మా భజన సమాజం మూడూళ్లది. ఏటా మదనపల్లెలోనో పుంగనూరులోనో కుప్పంలోనో అందరూ మూడు రోజులు కలిసి ఉండి పాడుకునేవాళ్లు. పాటల సంగతి ఎవరైనా చూసుకోనీ, భోజనాల సంగతి మాత్రం మా అమ్మదే. నెల ముందు నుంచే ఆమెకు అదే ధ్యాస. మొదటిరోజు అందరూ ప్రయాణం చేసి అలసి వస్తారు, పప్పూ చారూ చాలు. ఏకాదశి పడితే ముసలివాళ్లకు ఉప్మా. ఆఖరిరోజు పాయసం. వంకాయలు చౌడేపల్లెవైతేనే కూర, లేకుంటే వద్దే వద్దు. "మన పెండ్లికి గూడా నువ్వింత ఆలోచన చేసుండవు" అని మా నాయన ఏడిపించేవాడు.

దేవుడికి పెట్టకముందు ఎవరూ రుచి చూడకూడదని మా సమాజంలో కట్టడి. అంత పెద్ద గుండిగలో ఉప్పు చాలిందో లేదో నోట్లో వేసుకోకుండానే తెలియాలి. అమ్మ ఆవిరి మీదికి వంగి వాసన చూసేది. "ఇంకో పిడికెడు వెయ్" అనేది. దానికి తిరుగు లేదు.

తొంభైల చివర్లో ఆమెకు విషజ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత ఇంట్లో కూరలు కాస్త అటూ ఇటూ అయ్యాయి. నీరసం అనుకున్నాం. ముక్కు పనిచేయడం లేదని ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే గరిటె లాగేసుకుంటారని భయం.

ఆ ఏడు పుంగనూరులో కలిశాం. ఆఖరిరోజు పెరట్లో ఆకులు కడుగుతున్నాను. గుప్పుమని మాడు వాసన. పరుగెత్తి వెళ్తే అమ్మ గుండిగ ముందే నిలబడి పాయసం పైపైన కలుపుతోంది.

"అమ్మా, మాడిపోతాండాది!"

"యాడ పాపా?" అంది చుట్టూ చూస్తూ.

అయ్యో అమ్మా! నాలుగిళ్ల అవతలికి కొడుతున్న వాసన, దాని మీదే వంగి ఉన్న ఆమెకు తెలియలేదు. అందరూ ఆమెనే చూస్తున్నారు. గరిటె పక్కన పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది. 

మరుసటి ఏడు కుప్పంలో. ఏం వండాలని అడగడానికి మా ఇంటికి ఒక్కరూ రాలేదు. పిలుపు మాత్రం వచ్చింది. "ఇన్నేండ్లు సేసినావు కదమ్మా, ఈసారి కూసోని తిందువు రా." గౌరవమట! నాకు ఒళ్లు మండింది. అమ్మ మాత్రం మంచి చీర కట్టుకుని బయల్దేరింది.

ఎప్పుడూ ఆఖరి బంతిలో మిగిలింది తినే మనిషిని మొదటి బంతిలో కూర్చోబెట్టారు. పక్కన నేను. ఇప్పుడు వంటలు చూసుకుంటున్న కుప్పం వాళ్ల కోడలు, చిన్న వయసామె, వచ్చి, "ఎట్లుండాదమ్మా?" అని భయంభయంగా అడిగింది.

"శానా బాగుండాది తల్లీ" అంది అమ్మ.

ఆ పిల్ల అటు తిరగగానే నా చెవి దగ్గరికి వంగింది. "నిజం సెప్పు పాపా, బాగుండాదా?"

"బాగుండాదమ్మా" అన్నాను.

నిజంగానే బాగుంది, పాడు కూర. అందుకే నాకు ఏడుపు ఆగలేదు.