పరదా వెనక గుల్జాన్ బాయి

చూడని మనిషిని చూశానని చెప్పి నేను కొనితెచ్చుకున్న ముప్పు వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, ఏం పర్వాలేదు. ఆ రోజు మాత్రం నాకు చెమటలు పట్టి చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

అప్పటికి మాకు పెళ్లయి ఏడు నెలలు. ముద్ఖేడ్‌లో మా అన్న ఇంట్లో ఉండేవాళ్లం. రెండు గదులు, పదకొండు మంది. నేను అన్న కొడుకులతో వసారాలో, నా భార్య సులోచన మా వదిన పక్కన లోపల. పెళ్లాంతో నాలుగు మాటలు మాట్లాడాలంటే ఆమె నీళ్లు చేదే వేళకు బావి దగ్గర కాపు కాయాలి. అక్కడికీ మా వదిన గొంతు వచ్చేది: "ఒక్క బొక్కెన ఎంతసేపు చేదుతవే?"

నేను రోజూ రైలెక్కి నాందేడ్ వెళ్లి పత్తి మిల్లులో గుమాస్తా పని చేసి వచ్చేవాణ్ణి. నాందేడ్‌లో ఒక్క గది దొరికితే చాలు, మా సంసారం మొదలైనట్టే.

గది సంగతి మిల్లులో పనిచేసే నారాయణ చెప్పాడు. ఇల్లు నర్సయ్య సేట్‌ది. కిరాణా దుకాణం కొడుకులకు అప్పగించి ఇంటిపట్టున ఉంటున్న పెద్దాయన.

"ఖోలీ మంచిగున్నది. ఒక్కటే తక్లీఫ్. పొద్దుమాపు గుల్జాన్ బాయి రికార్డు పెడుతడు. చప్పుడు తగ్గించుమన్నోన్ని ఆ నెలల్నే ఖాళీ చేయిస్తడు. ఇప్పటికి నలుగురు పోయిండ్రు."

"నేనెందుకంట? శాన మెచ్చుకుంట!"

మెచ్చుకుని ఊరుకుని ఉంటే ఈ కథే లేదు.

ఆదివారం సులోచనను వెంటబెట్టుకుని వెళ్లాను. సేట్ గ్రామఫోను తిప్పుతున్నాడు. గరగరల మధ్య నుంచి ఒక ఆడగొంతు లేచింది. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. పాట అయ్యాక సేట్ కళ్లు తుడుచుకుని, "ఎంత పాట! ఇప్పటి పోరగాండ్లకు ఈమె ఎవరో ఎరుకనే లేదు" అన్నాడు.

"ఎరుక లేకపోవుడేంది సేట్‌జీ? నేను ఎదురుగ కూసోని విన్న."

సులోచన నావైపు తిరిగి చూసింది. సినిమాలో పాట రాగానే గుర్రుపెట్టే మొగుణ్ణే ఆమె ఎరుగును.

సేట్ లేచి నిలబడ్డాడు. "ఖరేనా? ఏడ విన్నవ్?"

"మా మేనమామ ఎంబడి హైదరాబాద్ పోయినప్పుడు. ఎవరో నవాబు ఇంట్ల పెండ్లి."

"ఎట్లుండె మనిషి?"

పెద్దాయన అంతగా అడిగితే చెప్పకపోవడం మర్యాద కాదు కదా! గుల్జాన్ బాయికి పచ్చ చీర కట్టించాను. ముక్కుకు పుడక పెట్టించాను. నవ్వితే బుగ్గకు సొట్ట కూడా పడేట్టు చేశాను. రాగం తీసేటప్పుడు చెవి మీద చెయ్యి ఎలా పెట్టేదో నా చెవి మీదే పెట్టి చూపించాను.

సేట్ మెల్లగా కూర్చున్నాడు. "ఆమె పరదా ఎనకనే పాడుతుండె గద బాబూ. మొగోళ్ల ముంగటికి ఎన్నడు రాలే."

అక్కడైనా ఆగాల్సింది. నోరు ఆగితేనా!

"పరదానే సేట్‌జీ. గాలి అచ్చింది. పరదా గింత లేసింది."

"గాలి అచ్చిందా?" ఆయన ముందుకు వంగాడు. "మా జాగీర్దారు బంగ్లల మూడు దినాలు పాడింది. మూడు దినాలు ముంగటి వరుసల కూసున్న. నాకు ఒక్క గాలన్న రాలే గదరా!"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నిజం చెప్పేద్దామనుకునే లోపే ఆయన తాళంచెవి తీసి సులోచన చేతిలో పెట్టి, "ఆమెను చూసిన మనిషి నా ఇంట్ల ఉండాలె" అన్నాడు. సులోచన మొహం వెలిగిపోయింది. నేను నిజాన్ని మింగేశాను.

చాయ్ వచ్చింది. "నీ ఉమర్ ఎంత బాబూ?" అని సేట్ ఊరికే అడిగాడు.

సులోచన సంబరంగా అందుకుంది. "నిజాం రాజ్యం పోయిన ఏడు ఈయన తొట్లెల ఉండెనట. మా అత్త చెప్పింది."

సేట్ కప్పు కింద పెట్టాడు. "గుల్జాన్ బాయి పాడుడు బంద్ చేసింది ఆ ఏడే."

సులోచన తాళంచెవిని గుప్పిట్లో గట్టిగా పట్టుకుంది. కాసేపటికి గుప్పిట విప్పి, దాన్ని బల్ల మీద పెట్టేసింది. అది చూడగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"తప్పయింది సేట్‌జీ. ఖోలీ కోసం అబద్ధమాడిన. ఈమెతోని మాట్లాడుదామంటే మా ఇంట్ల జాగ లేదు."

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "పుడక ఏ దిక్కుకు అన్నవ్?"

"ఎడమ దిక్కుకు," అన్నాను భయంభయంగా.

ఆయన తాళంచెవిని సులోచన వైపు జరిపాడు. "తీస్కో బిడ్డా. ఇరవై ఏండ్ల సంది ఆమె ఎట్లుండెనో అనుకుంట కూసున్న. ఒక్కడు చెప్పలే. నీ మొగడు అబద్ధమైనా మంచిగ చెప్పిండు."

ఆ గదిలో తొమ్మిదేళ్లు కాపురం చేశాం. నా శిక్ష ఏమిటంటే, ఆ ఇంటికి ఏ చుట్టం వచ్చినా సేట్ నన్ను పిలిచి గుల్జాన్ బాయి గురించి చెప్పించేవాడు. పోనుపోను పిలవడం మానేసి తనే చెప్పడం మొదలుపెట్టాడు. ఒకసారి అటుగా పోతుంటే ఆయన మాట వినపడింది: "గాలి అచ్చింది, పరదా లేసింది, నన్ను చూసి నవ్వింది."

నేను ఉండబట్టలేక, "మిమ్మల్ని చూసి నవ్విందా సేట్‌జీ?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నీకేం ఎరుకరా? నువ్వప్పుడు తొట్లెల ఉంటివి. చూసినోన్ని నేను!"

చూడనివాళ్లను చూశానని ఈ జన్మలో ఇంకెన్నడూ చెప్పనని గోదావరి నీళ్లు చేతపట్టి ప్రమాణం చేశాను. ఒకవేళ నోరు జారవలసే వస్తే, సులోచనను మాత్రం వెంట తీసుకుపోను.