మామ మూయనివ్వని ట్యాబు

పక్కింటి మామ తన భార్య జబ్బు గురించి నెట్‌లో చదవాలని ఉందంటే, సాయంత్రం రెడ్డియార్‌పాళయంలోని బ్రౌజింగ్ సెంటర్‌కి తీసుకెళ్లాను. ఒక పేజీ మూసి ఇంకోటి తెరిచేలోపు మొదటిది మర్చిపోతున్నారు. చూడలేక, ఒకే తెరలో చాలా పేజీలు తెరిచి ఉంచే ట్యాబులు నేర్పాను. ఆ జబ్బు గురించి ఐదు ఆసుపత్రులు రాసిన పేజీలు పక్కపక్కనే తెరిచాం. ఆయన ఒక్కొక్కటే చదివి, మళ్లీ మొదటిదానికి వచ్చారు.

"ఏంది పాపా, అన్నీ ఆరు నెలలే అంటా ఉండాయే?"

ఆయనే ఇంకో ట్యాబు తెరిచారు. అందులో ఏమీ లేదు, తెల్లగా ఉంది. నేను మూయబోతే ఆపారు.

"ఇదొకటే ఏం చెప్పలా. ఉండనీ."

ట్యాబులుంటే అన్నీ ఒకేసారి కళ్లముందుంటాయని గొప్పగా చెప్పింది నేనే. మీరైతే నేర్పేవారా?