పోలయ్య కుడి చెయ్యి

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం లేదు. చిట్టమూరు దగ్గర మా ఊళ్ళో మిట్టమధ్యాహ్నం కాలవ గట్టు మీద ఒంటరిగా పోవద్దని మా అవ్వ చెబితే, ఏముందో చూద్దామని కావాలనే పోయేదాన్ని. ఏమీ ఉండేది కాదు. పెద్దయ్యాక మైక్రోబయాలజీ చదివాను. కంటికి కనపడని వాటితోనే నా పని. అయితే అవి ప్లేటులో పెరిగి కనపడతాయి, మైక్రోస్కోపు కింద కదులుతాయి, రెండోసారి చేసినా అదే ఫలితం ఇస్తాయి. అలా ఇవ్వనిదాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు రాయబోయేది రెండోసారి చేసినా అదే ఫలితం ఇచ్చింది. మూడోసారి చెయ్యడానికి నాకే ధైర్యం చాలలేదు.

అప్పుడు నేను నెల్లూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా వైపు గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. కిటికీ ఊచలు కూడా త్వరగా తుప్పు పట్టి పొట్టుపొట్టుగా రాలతాయి. అలాంటి గాలి ఆడే గదుల్లో, మనుషుల చేతులు తగిలే వస్తువుల మీద ఎలాంటి సూక్ష్మజీవులు చేరతాయి, ఎంతకాలం ఉంటాయి అన్నది నా పరిశోధన. చేతులు బాగా తగిలే చోటు ఒకటి, దాదాపు తగలని చోటు ఒకటి చూసుకోమన్నారు మా గైడ్ మేడమ్.

మొదటిదానికి ఒక ఆసుపత్రిలో పక్షవాతం వచ్చినవాళ్ళకి వ్యాయామాలు చేయించే గది దొరికింది. రెండోదానికి మా కాలేజీ లైబ్రరీలో ఒక ఇనప బీరువా దొరికింది. అందులో ఎవరో ఎప్పుడో దానంగా ఇచ్చిన పాత పుస్తకాలున్నాయి. వాటిని అడిగేవాళ్ళు లేరు. తాళంచెవి లైబ్రేరియన్ పెంచలయ్యగారి దగ్గర ఉండేది. నేను అడిగిన రోజు దాన్ని వెతకడానికే ఆయనకి అరగంట పట్టింది.

సోమవారం ఆసుపత్రి, గురువారం లైబ్రరీ. రెండూ ఒకే రోజు పెట్టుకోలేదు. ఒక చోటివి ఇంకో చోటికి నా ద్వారా చేరకూడదని ఆ జాగ్రత్త. దూది చుట్టిన పుల్లతో వస్తువులనీ, వాటిని పట్టుకునేవాళ్ళ చేతులనీ తుడవడం, ఆ పుల్లని సీసాలో పెట్టి మూత బిగించడం, పేరు రాయడం. చూసేవాళ్ళకి ఏదో పిచ్చి పనిలాగే ఉంటుంది.

పోలయ్యని ఆసుపత్రిలోనే మొదటిసారి చూశాను. విడవలూరు వైపు సముద్రం ఒడ్డున ఉండే మనిషి. చేపల వేటే బతుకు. యాభై దాటి ఉంటాయి. ఒకరోజు పడవ నెడుతూ ఉన్నట్టుండి ఇసకలో కూలబడిపోయాడట. కుడి పక్కంతా పడిపోయింది. కాలు కొంచెం కొంచెంగా తిరిగి వస్తోంది గానీ చెయ్యి మాత్రం పిడికిలి బిగుసుకుపోయి ఉండేది. ఆయన భార్య మస్తానమ్మ రోజూ ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, అరచేతిలో తడి తుడిచి, మళ్ళీ ముడుచుకుపోతుంటే చూస్తూ కూర్చునేది.

అలా మూసుకుపోయిన అరచేతిలో గాలి ఆడదు. చెమట ఆరదు. దాంట్లో పెరిగే జీవులు మామూలు చేతి మీద ఉండే వాటికంటే వేరుగా ఉంటాయి. దానికి తోడు పోలయ్య చిన్నప్పటి నుంచీ ఉప్పునీళ్ళలో, ఎండు చేపల్లో తిరిగిన మనిషి. ఆయన కుడి అరచేతి నుంచి తీసినదాన్ని ఉప్పు దట్టించిన ప్లేటు మీద పెడితే రెండు వారాలకి లేత ఎరుపు చుక్కలు పెరిగాయి. ఆయన ఎడమ చేతి నుంచి అలాంటివి రాలేదు. ఆ గదిలో మరెవరి చేతి నుంచీ రాలేదు. నాకు చాలా సంతోషమేసింది. పరిశోధనకి మంచి ఉదాహరణ దొరికిందనుకున్నాను.

మూడో సోమవారమో నాలుగో సోమవారమో, పోలయ్య చేతిని ఫిజియోథెరపిస్టు ప్రవీణ్ పట్టుకుని, పట్టు కుదరడానికి వాడే చెక్క గుబ్బ మీద పెట్టిస్తున్నాడు. నేను పక్కనే నా సీసాలు సర్దుకుంటున్నాను. పోలయ్య ఎవరితోనూ కాకుండా అన్నాడు.

"నా చెయ్యి ఈడ లేదు."

"మరి ఎక్కడుంది పెద్దాయనా?" అన్నాడు ప్రవీణ్ నవ్వుతూ.

"ఏమో. ఎండు చోట ఉండాది. నీళ్ళ వాసనే లేదు. కాగితం తగల్తా ఉండాది. పాత కాగితం, గరుగ్గా."

మస్తానమ్మ తల కొట్టుకుంది. "ఈయనకి కాగితం సంగతేం తెలుసు మేడం? ఏలిముద్ర మనిషి."

పక్షవాతం వచ్చిన కొందరు తమ చెయ్యి తమది కాదంటారనీ, ఎక్కడో ఉందంటారనీ, మెదడు దెబ్బతిన్నప్పుడు అది మామూలేననీ ప్రవీణ్ నాకు చెప్పాడు. నేనూ ఎక్కడో చదివి ఉన్నాను. అయినా ఆ మాటలు నోటుబుక్కులో రాసుకున్నాను. ఎందుకు రాసుకున్నానో తెలియదు. సూక్ష్మజీవులకీ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఆ తర్వాత కొన్ని వారాలకి లైబ్రరీ ప్లేట్లు చూస్తున్నాను. ఇరవై పుస్తకాల నుంచి తీసినవి. అన్నిట్లోనూ మామూలు బూజే. ఒక్కదాంట్లో లేత ఎరుపు చుక్కలు.

నావల్లే జరిగిందనుకున్నాను. ఎక్కడో గ్లవ్స్ మార్చుకోవడం మర్చిపోయి ఉంటాను. మా గైడ్ మేడమ్ కూడా అదే అన్నారు. డీఎన్ఏ పరీక్షకి బయటికి పంపిస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుందన్నారు. పంపించాం. ఫలితం వచ్చాక ఆవిడ దాన్ని రెండుసార్లు చదివారు. ఎరుపు చుక్కలొక్కటే కాదు, పోలయ్య అరచేతిలో ఏవేవి కలిసి ఉన్నాయో దాదాపు అవన్నీ ఆ పుస్తకం మీద ఉన్నాయి.

"చేత్తో పట్టుకుంటే తప్ప ఇలా రాదు. ఆ మనిషి లైబ్రరీకి వచ్చాడా?" అన్నారు.

రాలేదు. మంచం దిగి బాత్రూముకి పోవడానికే ఇద్దరు పట్టుకోవాలి.

అది కొండ ప్రాంతాల్లో తేనెటీగలు పెంచడం గురించిన పుస్తకం. ఏమన్నా తెలుస్తుందేమోనని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను. పోలయ్యకీ దానికీ ముడిపెట్టడానికి ఒక్క వాక్యం దొరకలేదు. సముద్రం అన్న మాటే లేదు అందులో.

మళ్ళీ చేశాను. ఈసారి రెండు వారాలు ఆసుపత్రి వైపే పోలేదు. కొత్త డబ్బా తెరిచి పుల్లలు తీశాను. పుస్తకం అట్టని స్పిరిట్‌తో తుడిచాను. తుడిచిన వెంటనే తీసిన దాంట్లో ఏదీ పెరగలేదు. పెంచలయ్యగారు తాళం వేశారు. తాళం మీద కాగితం అంటించి ఇద్దరం సంతకాలు పెట్టాం. పది రోజుల తర్వాత చూస్తే కాగితం చిరగలేదు, సంతకాలు అలాగే ఉన్నాయి. తాళం ఆయనే తీశారు. నేను అట్టని తుడిచి తెచ్చి ప్లేటు మీద పెట్టాను.

మళ్ళీ అదే లేత ఎరుపు.

మా గైడ్ మేడమ్ అప్పుడు ఒక మాట చెప్పారు. పుస్తకాన్నే ల్యాబుకి తెచ్చి భద్రం చెయ్యమన్నారు. కవర్లో పెట్టి గాలి పోకుండా మూసి డీప్ ఫ్రీజర్లో పెడితే దాని మీద ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, తర్వాత ఇంకెవరైనా పరీక్ష చేసి చూడొచ్చు. సబబుగా తోచింది. పెంచలయ్యగారికి మాత్రం ఇష్టం లేకపోయింది. ఆఖరికి రిజిస్టర్లో సంతకం తీసుకుని ఇచ్చారు. "జాగ్రత్తమ్మా, తడి మాత్రం తగలనియ్యబాక," అన్నారు.

ఒక ఆదివారం పొద్దున, ల్యాబులో ఎవరూ లేనప్పుడు, ఆ పుస్తకాన్ని ఫ్రీజర్లో పెట్టాను. ఎప్పుడు పెట్టిందీ కవరు మీద రాశాను. పదకొండు గంటల నలభై నిమిషాలు.

మర్నాడు సోమవారం. ఆసుపత్రికి పోయేసరికి పోలయ్య వ్యాయామాల గదిలో లేడు. వార్డులో మంచం మీద ఉన్నాడు. కుడి చేతికి రగ్గు చుట్టి ఉంది. కళ్ళు మూసుకుని పళ్ళు బిగబట్టుకుని ఉన్నాడు. మస్తానమ్మ నన్ను చూడగానే ఏడ్చేసింది.

"నిన్న అన్నం తినిపియ్యబోతా ఉంటే కేకేసినాడు మేడం. చూస్తే చెయ్యి ఐసుగడ్డ మాదిరి అయిపోయినాది. గోళ్ళు నీలంగా అయిపోయినాయి. డాక్టరేమో రక్తం సరిగ్గానే పోతా ఉండాది అంటాడు. మరి ఎందుకిట్ట అయిపోయినాది?"

రగ్గు కొంచెం తీసి ముట్టుకున్నాను. ఇప్పటికీ ఆ చల్లదనం నా వేళ్ళకి గుర్తుంది. మణికట్టు దాకా మామూలు వేడి. అక్కడి నుంచి చేపల పెట్టెలో చెయ్యి పెట్టినట్టు.

ఎన్ని గంటలకి కేకేశాడని అడిగాను. అన్నం క్యారియరు వచ్చిన కాసేపటికి అంది. ప్రవీణ్ కేసు షీటు చూసి చెప్పాడు. నర్సు పన్నెండు గంటలకి రాసిపెట్టింది.

పోలయ్య కళ్ళు తెరవకుండానే నెమ్మదిగా అన్నాడు. "గాలి ఆడటం లేదు. మూసేసినారు."

సీసాల సంచీ అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను. దారంతా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను, ఇంత చదువు చదివి ఏం చేస్తున్నానని. ల్యాబులోకి పోయి ఫ్రీజరు తెరిచి పుస్తకం బయటికి తీశాను. కవరు చింపేశాను. అట్ట మీద మంచు పొడి కరుగుతుంటే, పెంచలయ్యగారి మాట గుర్తొచ్చి చున్నీతో అద్దాను. అప్పుడు పది దాటి పావుగంట అయింది.

మధ్యాహ్నం ప్రవీణ్‌కి ఫోన్ చేసి ఎట్లా ఉందని అడిగాను. "తగ్గిపోయింది మేడమ్. పదిన్నర నుంచి వేడెక్కడం మొదలైంది. మాకేం అర్థం కాలేదు," అన్నాడు.

ఇక్కడ నా మీద నాకే అనుమానం వస్తుంది. ఇదంతా కాకతాళీయం అయి ఉండొచ్చు. పక్షవాతం వచ్చిన చేతికి రక్తనాళాలు ఒక్కోసారి బిగుసుకుపోయి చల్లబడటం ఉంది. తేల్చుకోవడానికి ఒకటే దారి. పుస్తకాన్ని మళ్ళీ ఫ్రీజర్లో పెట్టడం. మా గైడ్ మేడమ్‌కి జరిగిందంతా చెప్పలేదు, సగమే చెప్పాను. చేతిని గురించి ఎత్తలేదు. "ఎందుకు బయటికి తీశావు? మళ్ళీ పెట్టు," అన్నారు ఆవిడ.

పుస్తకం పట్టుకుని ఫ్రీజరు ముందు నిలబడ్డాను. సంబంధం లేకపోతే పెట్టడానికి అడ్డేముంది? సంబంధం ఉందని ఒక్క శాతం అనుమానం ఉన్నా అది ఒక మనిషి చెయ్యి. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నా పరిశోధనలో అంతకంటే ముఖ్యమైన ప్రశ్న లేదు. దానికి జవాబు తలుపు అవతలే ఉంది. తలుపు మాత్రం తెరవలేకపోయాను.

ఆ సాయంత్రమే పుస్తకాన్ని బీరువాలో పెట్టేశాను. పక్క పుస్తకాలని కొంచెం జరిపి, ఒత్తుకోకుండా పెట్టాను. పెంచలయ్యగారు అట్ట తడిమి చూశారు. "చల్లగా ఉండాదేందమ్మా?" అన్నారు. ఏసీ గదిలో పెట్టానని అబద్ధం చెప్పాను.

నా థీసిస్‌లో ఆ పుస్తకం లేదు. ఇరవై పుస్తకాలకి పంతొమ్మిదే ఉన్నాయి. వైవా రోజు ఒకటి ఎందుకు తీసేశారని అడిగారు. నా అజాగ్రత్త వల్ల శాంపిల్ కలుషితం అయిందని చెప్పాను. తలూపి తర్వాతి ప్రశ్నకి పోయారు. చెయ్యని తప్పు ఒప్పుకున్నానో, చేసిందే ఒప్పుకున్నానో నాకు ఈనాటికీ తెలియదు.

పోలయ్య ఆసుపత్రి నుంచి ఇంటికి పోయిన కొన్ని నెలలకి, ఆయన్ని చూడటానికి వాళ్ళ ఊరు పోయాను. మస్తానమ్మ ఎప్పుడూ రమ్మని ఫోన్లో అడుగుతుండేది. ఆయన ఇంటి ముందర టార్పాలిన్ పట్ట పరుచుకుని వల బాగుచేస్తున్నాడు. ఎడమ చేత్తో వల పట్టుకుని కుడి చేతి మూడు వేళ్ళతో సూది దూరుస్తున్నాడు. మెల్లగానే, కానీ దూరుస్తున్నాడు. అలాగే చూస్తూ కూర్చున్నాను.

కాఫీ తాగాక ఉండబట్టలేక అడిగాను. ఆసుపత్రిలో ఉన్నప్పుడు చేతికి కాగితం తగులుతోందన్నారు కదా, తర్వాత ఎప్పుడైనా అలా అనిపించిందా అని.

పోలయ్య సూది ఆపి నా వైపు చూశాడు. "కాగితమా? నేనెప్పుడు చెప్పినాను మేడం?"

మస్తానమ్మ వైపు చూశాను. "అట్ట అన్లేదే. చెయ్యి మొద్దుబారిపోయిందనే గదా అంటా ఉండినాడు," అంది. ఆమె దాచిపెట్టడం లేదు. ఆమె ముఖంలో నిజంగానే ఏ గుర్తూ లేదు. చెయ్యి చల్లబడిన రోజు మాత్రం ఇద్దరికీ బాగా గుర్తుంది.

బ్యాగులోంచి నోటుబుక్కు తీశాను. ఆ సోమవారం పేజీలో నా రాతే ఉంది. ఎండు చోటు, పాత కాగితం, గరుగ్గా, ఏలిముద్ర మనిషి అన్న మాటతో సహా. వాళ్ళకి చదివి వినిపించాలనుకున్నాను. వినిపిస్తే తర్వాత పుస్తకం గురించి చెప్పాలి. పుస్తకం గురించి చెబితే ఫ్రీజరు గురించి చెప్పాలి. నోటుబుక్కు మళ్ళీ బ్యాగులో పెట్టేశాను.

"ఏంది మేడం, ఇంతగా అడగతా ఉండారు? ఏమైనా జరిగినాదా?" అంది మస్తానమ్మ.

ఏం లేదమ్మా, ఊరికే అడిగానన్నాను. ఆమెకి ఏం చెప్పి ఉండాల్సిందో ఇదంతా రాశాక కూడా తెలియడం లేదు.