చెల్లి చేతి కొలతకి చేసిన కత్తి పిడి

మా చిన్నప్పుడు... రేపల్లెలో మా ఇంటి పెరటి వసారాలోంచి ఆకురాయి చప్పుడు వినిపిస్తే చాలు, నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ చప్పుడు వచ్చిందంటే నాన్న, చెల్లి రూతు కలిసి ఏదో చేస్తున్నారని అర్థం. నన్ను పిలవలేదని కూడా అర్థం.

నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. బడి నుంచి రాగానే కాఫీ తాగి, లుంగీ కట్టుకుని వసారాలో పీట వేసుకునేవారు. ఎదురుగా ఇనుప వైసు, రంపం, ఆకురాయి, డబ్బా నిండా తుప్పు పట్టిన మేకులు... రూతు ఇంకో పీట లాక్కుని పక్కన చేరేది. నేనేమో వంటింటి గుమ్మంలో సోషల్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. పేజీ తిరిగేది కాదు. చూపంతా వాళ్ళ మీదే.

"ఉప్పుకాగితం అందుకోమ్మా" అనేవారు నాన్న. ఆ 'అమ్మ' నేను కాదు...

ఒక ఏడాది క్రిస్మస్‌కి మా చర్చి సండే స్కూల్లో ఏదెను తోట నాటకం వేద్దామన్నారు. తోట వాకిట్లో మండే కత్తి పట్టుకుని కాపలా కాసే దూత వేషం నాకొచ్చింది. పొడుగ్గా ఉన్నానని ఇచ్చారులెండి, నా నటన చూసి కాదు. అప్పటిదాకా మా నాటకాల్లో కత్తి అంటే అట్టముక్కకి వెండిరంగు కాగితం అంటించడమే. ఈసారి నిజంగా వెలిగే కత్తి కావాలని టీచరమ్మ నాన్నను అడిగింది.

నా వేషం, నా కత్తి... ఇప్పుడైనా నన్ను పిలుస్తారనుకున్నాను.

పిలవలేదు.

పాత టార్చిలైటు గొట్టాన్ని వైసులో బిగించారు. పైన, పాడైన కుళాయి నుంచి తీసిన ఇత్తడి రింగు ఎక్కించారు. పట్టుకోవడానికి గొట్టం చుట్టూ టేకు చెక్క తొడిగి, నాలుగు వేళ్ళూ కూర్చునేలా పల్లాలు తీశారు. కొసల్లో నిజాంపట్నం నుంచి చేపలు తెచ్చే మామ్మ ఇచ్చిన వల తాడు చుట్టారు. రూతు ఆ రింగుని రుద్ది రుద్ది తళతళలాడించింది. పిడి పైన పొడవాటి ప్లాస్టిక్ గొట్టం, దాని లోపల పల్చటి ఎర్ర కాగితం... ఓ సాయంత్రం తలుపులు మూసి వెలిగించి చూసుకున్నారు ఇద్దరూ. తలుపు సందులోంచి ఆ ఎర్ర వెలుగు చూశాను. కుళ్ళుకి రంగుంటే అదే అయ్యుంటుంది.

"బొటనవేలు ఎక్కడ పడుద్దో చూపించు, స్విచ్చి అక్కడ పెడదాం" అని నాన్న అనడం, రూతు పిడి పట్టుకుని చూపించడం అంతకుముందే విన్నాను, చూశాను. వేళ్ళ పల్లాలు కూడా దాని చేతికి చూసి తీసినవే. రూతుది ఎడమచేతి వాటం. ఆ సంగతి వాళ్ళిద్దరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. నేను ఏడుపు ఆపుకోవడంలో ఉన్నాను.

రిహార్సల్సన్నీ అట్టకత్తితోనే చేశాం. అసలుది నాటకం రోజున, వేదిక ఎక్కబోతుంటే నా చేతికిచ్చారు.

ఆదాము, హవ్వ తలలు వంచుకుని తోటలోంచి బయటికొచ్చారు. నేను కత్తి ఎత్తాను. బొటనవేలితో నొక్కితే వట్టి చెక్క... స్విచ్చి అవతలి వైపుంది. వేళ్ళన్నీ పల్లాల్లో కాకుండా గట్ల మీద పడ్డాయి. కత్తి వెలిగితే గానీ పారిపోకూడదు కాబట్టి ఆదాము పాపం నా మొహంకేసి చూస్తూ నిలబడిపోయాడు.

ముందు వరసలో చాప మీద కూర్చున్న రూతు, "ఎడం చేత్తో పట్టుకోవే అక్కా" అంది. చర్చి మొత్తానికి వినపడింది.

చెయ్యి మార్చాను. కత్తి వెలిగింది. జనం ఆహా అన్నారు. నా కోసం చేసిన వస్తువు నా చేతికి కాక ఇంకొకరి చేతికి సరిగ్గా సరిపోతుందని అంతమంది ముందు తెలిసింది నాకు.

నాటకం అయ్యాక పాస్టరు అయ్యగారు వచ్చి "ఎవరు చేశారండి మాస్టారూ ఇది?" అని అడిగితే నాన్న రూతు తల మీద చెయ్యి వేశారు. అందరూ దాని చుట్టూ మూగారు. దూతని పట్టించుకున్న నాథుడు లేడు. రెక్కలు నేనే విప్పుకున్నాను...

రూతు ఇప్పుడు తెనాలిలో ఉంటోంది. ఇంటి వెనక రేకుల గదిలో చిన్న లేతు మిషను పెట్టుకుంది. ఇంగ్లీషు సినిమాల్లో వెలిగే కత్తులుంటాయి చూడండి, వాటి పిడులు అచ్చం అలాగే చేసి, అడిగినవాళ్ళ చేతి కొలతకి సరిపెట్టి పంపుతుంది. రిటైరైన నాన్న వీలు దొరికితే చాలు, రేపల్లె నుంచి రైలెక్కి అక్కడ తేలతారు. నేను బాపట్లలో లెక్చరర్ని. పేరు ముందు డాక్టరు కూడా ఉంది. అయినా ఆ రేకుల గది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మంటే...

మొన్న వెళ్ళాను. నాన్న ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో ఏదో రింగు రుద్దుతున్నారు. రూతు ఇటు చూడకుండానే చెయ్యి చాపింది. ఆయన అటు చూడకుండానే ఆ చేతిలో పెట్టాల్సింది పెట్టారు. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"చిన్నప్పుడు నన్ను ఒక్కసారి కూడా పిలవలేదేంటి నాన్నా?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "నువ్వు చదువుకుంటా ఉండేదానివి గదమ్మా. కదిలిస్తే చదువు పాడవుద్దని ఊరుకునేవాణ్ణి. మీ అమ్మ కూరలు తరగడానికి నిన్ను లేపబోతే నేనే కోప్పడేవాణ్ణి."

రూతు మిషను ఆపి నా వంక చూసింది. "అడగొచ్చుగా అక్కా... నేను పక్కకి జరిగేదాన్ని."

కోపం తెచ్చుకోవడానికి కూడా సందు లేకుండా చేశారిద్దరూ. ఇన్నేళ్ళు దాచుకున్న కుళ్ళు... ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇప్పుడు ఇళ్ళల్లో పెరటి వసారాలు లేవు. పిల్లలు వెలిగే కత్తి కావాలంటే ఫోనులో నొక్కితే మర్నాటికి ఇంటికొస్తుంది. ఎవరు చేశారో తెలియదు, కుళ్ళుకోవడానికి మనిషి దొరకడు...

మీ ఇంట్లో నాన్న ఎవరిని పనికి పిలిచేవారు, ఎవరిని చదువుకోనిచ్చేవారు? చెప్పండి... నేనొక్కదాన్నే కాదని తెలిస్తే కాస్త చల్లబడతాను.