గోడవతల వెదురు మొలకలు

ముదినేపల్లిలో మా పెరటి వెదురు పొద ఆకులన్నీ రాల్చేసి, వరి కంకుల్లాంటి పూత వేసింది. గింజ కట్టాక నిలువునా ఎండిపోయింది. పక్కింటాయన్ని మావయ్యగారనే పిలుస్తాను గానీ, నా అనుమానమంతా ఆయన మీదే. ఆకులు తన వాకిట్లో పడుతున్నాయని ఎప్పుడూ సణిగేవారు. తన రొయ్యల చెరువు ఉప్పునీళ్లు తెచ్చి పొద మొదట్లో పోసుంటారనుకుని మాట్లాడడం మానేశాను.

ఇంతలో పెడన నుంచి వదిన ఫోన్ చేసింది. మా దగ్గర్నుంచి తీసుకెళ్లి నాటుకున్న పిలక కూడా అలాగే పూసి ఎండిందట. ఒకే దుంప పిలకలు ఎక్కడున్నా ఇంచుమించు ఒకేసారి పూసి చస్తాయని అప్పుడు తెలిసింది.

వానలకి మా గింజలు గోడవతల మొలిచాయి. మావయ్యగారు రోజూ చెంబుతో నీళ్లు పోస్తున్నారు. ఏ నీళ్లో అని నేను గోడ మీంచి చూస్తూనే ఉన్నాను.